గత కాన్పులో అధిక రక్తస్రావం జరిగినవారు ఈసారి ఇంటి కాన్పు కోరుకుంటే: లెక్కలోకి వచ్చేవేమిటి?

ఒక కాన్పులో రక్తం ఎక్కువగా పోయిన స్త్రీ మళ్లీ గర్భం దాల్చి, ఈసారి ఇంట్లోనే ప్రసవించాలన్న కోరికను బయటపెడితే ఆమెకు పొంతన లేని జవాబులు ఎదురవుతాయి. ఒక వైద్యురాలు ఆ మాటే ఎత్తవద్దంటుంది. కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన ఒక మిడ్‌వైఫ్ పాత కేస్ షీట్ చూడకుండా ఏమీ చెప్పలేనంటుంది. అదే అనుభవం ఉన్న మరో తల్లి, రెండోసారి తనకు ఏ ఇబ్బందీ రాలేదని ధైర్యం చెబుతుంది. ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ముగ్గురూ జవాబిస్తున్నది ఒకే ప్రశ్నకు కాదు. అప్పుడు అసలేం జరిగిందన్నది ఒక ప్రశ్న, అది మళ్లీ జరిగే అవకాశం ఎంతన్నది రెండోది, ఒకవేళ జరిగితే సాయం ఎంతసేపటికి అందుతుందన్నది మూడోది. చర్చంతా సాధారణంగా రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నా దృష్టిలో మొదటిదీ మూడోదీ అంతకంటే బరువైనవి.

ఈ వ్యాసంలో ఇంటి కాన్పు అంటే ముందుగా నిర్ణయించుకున్నది, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు మందులతో, పరికరాలతో దగ్గరుండి చేసేది, అవసరమైతే ఆసుపత్రికి తరలించే ఏర్పాటు ఉన్నది. ఎవరి సాయమూ లేకుండా జరిగే కాన్పులకు, దారిలోనో ఇంట్లోనో అనుకోకుండా జరిగిపోయే కాన్పులకు ఇక్కడి అంకెలేవీ వర్తించవు.

ఎంత రక్తం పోతే అధికమంటారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా వాడుతున్న నిర్వచనం ప్రకారం బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు 500 మిల్లీలీటర్లు లేదా అంతకంటే ఎక్కువ రక్తం పోతే అది ప్రసవానంతర అధిక రక్తస్రావం, 1000 మిల్లీలీటర్లు చేరితే తీవ్రమైనది. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 500 నుంచి 1000 వరకు స్వల్పమని, 1000 దాటితే పెద్దదని, అందులోనూ 2000 దాటితే తీవ్రమని విభజిస్తుంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017 నుంచి 1000 మిల్లీలీటర్లను, లేదా రక్తం తగ్గిన లక్షణాలు శరీరంలో కనిపించడాన్ని కొలతగా తీసుకుంటోంది. కాబట్టి 700 మిల్లీలీటర్ల రక్తం పోయి, నాడి, రక్తపోటు నిలకడగా ఉన్న స్త్రీకి ఒక దేశంలో అధిక రక్తస్రావం జరిగినట్టు నమోదవుతుంది, మరో దేశంలో కాదు. శరీరం అదే, రక్తమూ అంతే.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పోయిన రక్తం 300 మిల్లీలీటర్లు దాటి, నాడి గానీ రక్తపోటు గానీ అసాధారణంగా మారితే 500 దాకా ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలన్నది వాటి సారాంశం. ఇది చికిత్స ఎప్పుడు ప్రారంభించాలో చెప్పే గీత. గత కాన్పులో 400 మిల్లీలీటర్లు పోయిన స్త్రీని ప్రమాద జాబితాలో చేర్చడానికి గీసినది కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఇటీవల కొంత అనవసరమైన భయం పుడుతోంది.

మరో చిక్కు కొలతలో ఉంది. కంటిచూపుతో అంచనా వేసినప్పుడు, ముఖ్యంగా రక్తం ఎక్కువగా పోయినప్పుడు, అసలు కంటే తక్కువగా రాయడం మామూలు. గుడ్డల్లో ఇంకినదీ, ఉమ్మనీటితో కలిసిపోయినదీ, నీటి తొట్టెలో ప్రసవిస్తే నీళ్లలో కరిగినదీ లెక్కకు అందవు. అందుకే పాత కేస్ షీట్‌లో ‘సుమారు 600’ అని ఉండి, మర్నాటి పరీక్షలో హిమోగ్లోబిన్ 12 నుంచి 7.5కు పడిపోయి ఉంటే, నమ్మవలసింది రెండో అంకెనే.

గర్భసంచి రక్తాన్ని తనంతట తాను ఎలా ఆపుకుంటుంది

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి సుమారు 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. మాయ విడిపోయిన చోట ఆ రక్తనాళాల కొనలు తెరుచుకుని ఉంటాయి. అన్ని కాన్పుల్లోనూ ఇదే జరిగినా చాలామందికి ప్రమాదం రాకపోవడానికి కారణం గర్భసంచి కండరాల అమరికే. ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ అల్లుకున్న కండర పోగుల మధ్య నుంచి రక్తనాళాలు వెళతాయి. బిడ్డ, మాయ బయటికి వచ్చాక కండరం ముడుచుకుంటే ఆ పోగులు నాళాలను ముడి బిగించినట్టు నొక్కేస్తాయి. ఆ తరువాత రక్తం గడ్డకట్టే ప్రక్రియ మిగిలిన పని పూర్తి చేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి శరీరంలో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరగడం కూడా ఈ నష్టానికి ముందస్తు ఏర్పాటే.

ఈ వరుసలో ఎక్కడ తప్పినా రక్తం ఆగదు. వైద్యులు కారణాలను నాలుగుగా చెబుతారు. గర్భసంచి సరిగా ముడుచుకోకపోవడం మొదటిది, దాదాపు పదింట ఏడు సందర్భాల్లో కారణం ఇదే. మాయ గానీ దాని ముక్క గానీ లోపల మిగిలిపోవడం రెండోది. జననమార్గంలో చీలిక, లేదా వైద్యులు పెట్టిన కోత నుంచి రక్తం పోవడం మూడోది. రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండటం నాలుగోది, అరుదైనదైనా మరచిపోకూడనిది.

‘క్రితంసారి బ్లీడింగ్ అయింది’ అన్న ఒక్క వాక్యం వెనుక ఈ నాలుగింటిలో ఏది ఉందన్నదే ముందుగా తేలాలి, ఎందుకంటే వాటి భవిష్యత్తు ఒకటి కాదు. కవలల వల్ల బాగా సాగిపోయిన గర్భసంచి ముడుచుకోలేకపోతే, తరువాతి గర్భంలో ఒకే బిడ్డ ఉన్నప్పుడు ఆ కారణం ఉండదు. నొప్పులు రెండు రోజులు సాగి, మందులతో వాటిని పెంచి, చివరికి పరికరంతో బిడ్డను తీయవలసి వచ్చిన తొలికాన్పు రెండోసారి అదే తీరులో నడవడం అంత మామూలు కాదు. కోత నుంచి పోయిన రక్తం కోత లేకపోతే పోదు. ఏ కారణమూ కనిపించకుండా, అంతా సాఫీగా జరిగిన కాన్పు తరువాత గర్భసంచి మెత్తబడిపోయి లీటరున్నర పోయి ఉంటే మాత్రం, ఈసారి తొలగించగలిగిన కారణమంటూ ఏదీ చేతిలో ఉండదు. మాయ అతుక్కుని ఉండిపోయి, ఆపరేషన్ థియేటర్‌లో చేతితో తీయవలసి వచ్చినవారికి మళ్లీ అలా జరిగే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి వంటి వంశపారంపర్య లోపం ఉంటే గర్భకాలంలో గడ్డకట్టే పదార్థాలు పెరిగి పరీక్షలు మామూలుగా కనిపించవచ్చు. ప్రసవం తరువాత అవి మళ్లీ పడిపోతాయి కాబట్టి గండం అప్పుడే మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి నెలసరి విపరీతంగా ఉండేదా, పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగలేదా అని అనుభవమున్నవారు అడిగేది ఇందుకే.

మళ్లీ జరిగే అవకాశం: అంకెలు చెప్పేది, చెప్పనిది

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు కాన్పుల రికార్డులపై 2007లో వెలువడిన అధ్యయనంలో, మొదటి కాన్పులో అధిక రక్తస్రావం జరిగినవారిలో 14.8 శాతానికి రెండో కాన్పులోనూ జరిగింది. వరుసగా రెండు కాన్పుల్లో జరిగినవారిలో 21.7 శాతానికి మూడోసారీ జరిగింది. స్వీడన్‌లో 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో గతంలో జరిగినవారికి 15 శాతం, జరగనివారికి 5 శాతం అని తేలింది. రెండు దేశాల లెక్కలూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల ‘దాదాపు మూడింతలు’ అన్న మాటను నమ్మవచ్చు.

దీన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూద్దాం. గత కాన్పులో అధిక రక్తస్రావం జరిగిన 100 మంది మళ్లీ ప్రసవిస్తే సుమారు 85 మందికి అది జరగదు, 15 మందికి జరుగుతుంది. జరగని చరిత్ర ఉన్న 100 మందిలో అయిదుగురికి జరుగుతుంది. ‘మూడింతల ప్రమాదం’ అని విన్న స్త్రీ, ‘వందలో 85 మందికి ఏమీ కాదు’ అని విన్న స్త్రీ ఇంటికి తీసుకువెళ్లేది పూర్తిగా వేర్వేరు భావన, అయినా రెండు వాక్యాల్లో ఉన్నది ఒకే సమాచారం. రెండింటినీ కలిపి చెప్పనివారు, తెలియకుండానే అయినా, ఆమె నిర్ణయాన్ని ఒకవైపుకు నెట్టుతున్నట్టే.

ఈ సగటు శాతాల్లో 550 మిల్లీలీటర్లు పోయినవారూ, మూడు లీటర్లు పోయి ప్రాణాపాయం దాకా వెళ్లినవారూ ఒకే గంపలో ఉన్నారు. పైగా మళ్లీ జరిగిన 15 మందిలో చాలామందికి అది ఒక సూదిమందుతో ఆగిపోయేది కావచ్చు, కొద్దిమందికి రక్తం ఎక్కించవలసినది కావచ్చు. ఇంకో విషయమూ గుర్తుంచుకోవాలి. అధిక రక్తస్రావం జరిగే స్త్రీలలో చాలామందికి ముందుగా కనిపించే ప్రమాద సూచన ఏదీ ఉండదు. అందువల్ల గత చరిత్ర లేనివారి ఇంటి కాన్పుకు కూడా రక్తస్రావాన్ని ఎదుర్కొనే ఏర్పాటు ఉండి తీరాలి. చరిత్ర ఉన్నవారి విషయంలో ప్రశ్నల్లా ఆ ఏర్పాటు సరిపోతుందా లేదా అన్నదే.

ఊహించుకున్న ముగ్గురు స్త్రీలు

మొదటి స్త్రీకి తొలికాన్పులో 650 మిల్లీలీటర్లు పోయాయి, అందులో ఎక్కువ భాగం కోత నుంచే. కుట్లు వేశాక ఆగింది, అదనపు మందులు అక్కరలేకపోయింది, మర్నాడు హిమోగ్లోబిన్ 10.8. కేస్ షీట్‌లో ‘పీపీహెచ్’ (ప్రసవానంతర అధిక రక్తస్రావం) అని ఎర్ర సిరాతో రాసి ఉన్నా, ఆమె పరిస్థితి ఏ చరిత్రా లేని రెండోకాన్పు తల్లికి చాలా దగ్గరగా ఉంటుంది.

రెండో స్త్రీకి నొప్పులు 26 గంటలు సాగాయి. బిడ్డ బరువు 4.2 కిలోలు. గర్భసంచి ముడుచుకోక 1100 మిల్లీలీటర్లు పోయాక, రెండు రకాల సూదిమందులూ సెలైన్‌లో ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడిచే మందు) ఇచ్చిన తరువాత ఆగింది. రక్తం ఎక్కించలేదు. ఆమెకు కారణాలు కనిపిస్తున్నాయి, అవి మళ్లీ రాకపోవచ్చు కూడా. అయినా మామూలు మందుకు ఆమె గర్భసంచి ఒకసారి లొంగలేదన్న వాస్తవం మిగిలే ఉంది. అసలైన భేదాభిప్రాయాలు వచ్చేది ఇలాంటివారి విషయంలోనే, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేదీ ఇలాంటివారికి తొందరపడి ఒక్క మాటలో జవాబు చెప్పడమే.

మూడో స్త్రీకి మాయ విడిపోలేదు. థియేటర్‌కు తరలించి మత్తు ఇచ్చి చేతితో తీశారు, 2300 మిల్లీలీటర్లు పోయాయి, నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఇక్కడ మార్గదర్శకాలకూ, ఇంటి కాన్పుల్లో చేయి తిరిగిన మిడ్‌వైఫ్‌లలో అత్యధికులకూ మధ్య పెద్ద తేడా ఉండదు. ఆమెను కాపాడిన థియేటరు, మత్తు వైద్యం, రక్తనిధి అనే మూడూ ఇంటికి తీసుకురాలేనివే.

గత రక్తస్రావం సిజేరియన్ సమయంలో జరిగి ఉంటే చర్చ మరోచోటికి మళ్లుతుంది. అక్కడ గర్భసంచిపై ఉన్న కుట్టు మచ్చే ముందుగా లెక్కలోకి వస్తుంది.

మార్గదర్శకాలు ఎక్కడ గీత గీస్తాయి

ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు రూపొందించే ‘నైస్’ సంస్థ మార్గదర్శకాలు గత రక్తస్రావాలన్నిటినీ ఒకే గాటన కట్టవు. అదనపు చికిత్స గానీ రక్తమార్పిడి గానీ అవసరమైన రక్తస్రావం జరిగినవారికి వైద్యులున్న ప్రసూతి విభాగంలో కాన్పును సూచిస్తాయి. మాయను థియేటర్‌లో చేతితో తీయవలసి వచ్చినవారికీ అంతే. అంటే పైన చెప్పిన మొదటి స్త్రీ ఆ గీతకు ఇవతల ఉంటుంది, మిగతా ఇద్దరూ అవతల ఉంటారు. ఆ పత్రం వాడే మాట ‘సూచించాలి’ అన్నదే. తుది నిర్ణయం స్త్రీదేనని అదే పత్రం ఒప్పుకుంటుంది.

ఇంటి కాన్పు నేటికీ వ్యవస్థలో భాగంగా ఉన్న నెదర్లాండ్స్‌లో గీత వేరేగా ఉంది. అక్కడి ప్రసూతి సూచనల జాబితా, గత కాన్పులో లీటరుకు మించి రక్తం పోయినవారు ఆసుపత్రిలోనే ప్రసవించాలంటుంది, కానీ మిడ్‌వైఫ్ చేతుల మీదుగానే. ప్రత్యేక వైద్యుల పర్యవేక్షణకు పంపనక్కరలేదు, అయితే థియేటరు అదే భవనంలో ఉండాలి. ఆపద మళ్లీ వచ్చే అవకాశం తక్కువేనని ఒప్పుకుంటూనే, వస్తే దూరం అడ్డు కాకూడదన్న ఆలోచన ఇందులో ఉంది. ఎవరు కాన్పు చేయాలి, ఎక్కడ చేయాలి అనే రెండు ప్రశ్నలను విడదీయవచ్చని ఈ ఏర్పాటు చూపిస్తుంది.

ఇంటి కాన్పు సురక్షితమన్న అధ్యయనాలు ఎవరి గురించి

ఇంటి కాన్పును సమర్థించేవారు తరచుగా ఉదహరించేవి రెండు. 2011లో వెలువడిన ఇంగ్లండ్ ‘బర్త్‌ప్లేస్’ అధ్యయనం 64,538 మంది తక్కువ ప్రమాదం ఉన్న స్త్రీలను పరిశీలించింది. ఇంతకుముందు ప్రసవించినవారిలో ఇంటి కాన్పు వల్ల బిడ్డలకు హాని పెరిగినట్టు అందులో కనిపించలేదు. ఇంటి నుంచి ఆసుపత్రికి తరలించవలసి వచ్చినది తొలికాన్పు వారిలో 45 శాతం, తరువాతి కాన్పుల వారిలో 12 శాతం. 2013లో వచ్చిన డచ్ అధ్యయనంలో, ఇంతకుముందు ప్రసవించిన తక్కువ ప్రమాద స్త్రీలకు లీటరు దాటిన రక్తస్రావం ఇంటి కాన్పుల్లో వెయ్యికి 19.6 మందికి, ఆసుపత్రి కాన్పుల్లో వెయ్యికి 37.6 మందికి జరిగింది.

ఈ డచ్ అధ్యయనపు లెక్క ఇంటివైపు బలంగా మొగ్గుతున్నట్టు కనిపిస్తుంది, దాన్ని తీసిపారేయనక్కరలేదు. నొప్పులను మందులతో పెంచడం, పరికరాలతో బిడ్డను తీయడం, కోతలు పెట్టడం రక్తస్రావానికి దారితీసేవే, అవన్నీ ఇంట్లో తక్కువ. కానీ ఈ రెండు అధ్యయనాలూ ‘తక్కువ ప్రమాదం’ ఉన్నవారివి. తీవ్రమైన రక్తస్రావ చరిత్ర ఉన్నవారు ఆ వర్గంలోకి రారు, అందుకే పక్కన ఉండిపోయారు. ఆ ఫలితాన్ని మన రెండో స్త్రీకి వర్తింపజేయడం, లెక్కలో లేని మనిషికి లెక్క చెప్పడమే. మరోవైపు, అదే రెండో స్త్రీ ఇంట్లో ప్రసవిస్తే తప్పక హాని జరుగుతుందని నిరూపించే అధ్యయనమూ వీటిలో లేదు. ఇక్కడ వైద్యులు ఆధారపడేది నేరుగా లభించిన సాక్ష్యం మీద కాదు, రక్తస్రావం నడిచే తీరు మీద, దానికి పట్టే సమయం మీద.

నిమిషాల లెక్క

చికిత్స అందని తీవ్ర రక్తస్రావం సగటున రెండు గంటల్లో ప్రాణం తీయగలదని అంచనా. ఇంట్లో మిడ్‌వైఫ్ చేయగలిగినది తక్కువేమీ కాదు. గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ఎర్గోమెట్రిన్, మిసోప్రోస్టాల్ వంటి మందులివ్వడం, సెలైన్ పెట్టడం, మూత్రాశయాన్ని ఖాళీ చేయడం, చివరికి రెండు చేతులతో గర్భసంచిని లోపలి నుంచీ బయటి నుంచీ నొక్కి పట్టుకోవడం ఆమె చేతిలో ఉన్నవే. కొన్ని వ్యవస్థల్లో, కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆసిడ్ కూడా ఇవ్వగలుగుతారు. రక్తం ఎక్కించడం, మత్తు ఇచ్చి మాయను తీయడం, గర్భసంచిలో బెలూన్ పెట్టడం, కుట్లతో దాన్ని బిగించడం వంటివాటికి ఆసుపత్రి కావాలి.

ఒక ఊహా లెక్క వేద్దాం. 500 మిల్లీలీటర్లు పోయాక ఆపద గుర్తించారు, మందులిచ్చినా నిమిషానికి 30 మిల్లీలీటర్లు పోతూనే ఉంది. ఆసుపత్రిలోనే ఉంటే థియేటర్‌కు చేరడానికి 15 నిమిషాలనుకుందాం: మరో 450, మొత్తం 950. ఇంటి నుంచైతే అంబులెన్సు రావడానికి 15, కదలడానికి 10, ప్రయాణానికి 20, లోపలికి చేరి చికిత్స మొదలుకావడానికి 15, వెరసి 60 నిమిషాలు: మరో 1800, మొత్తం 2300. మందులు సగం పనిచేసి వేగం నిమిషానికి 10 మిల్లీలీటర్లకు తగ్గితే ఇవే మొత్తాలు 650, 1100 అవుతాయి. ఈ నాలుగు అంకెల మధ్య దూరమే వాదనలోని రెండు పక్షాలూ చెప్పేది. ఇంట్లో మందులు పనిచేసేవారికి దూరం భరించగలిగినదే. పనిచేయనివారికి ఆ దూరం లీటరుకు పైగా రక్తం. గతసారి మామూలు మందులకు ఆగిందా లేదా అన్న సమాచారం ఇంత విలువైనది కావడానికి కారణం ఇదే.

ఆలస్యం మందుల బలాన్ని కూడా తగ్గిస్తుంది. 21 దేశాల్లో 20,060 మంది స్త్రీలతో జరిగి 2017లో వెలువడిన ‘ఉమన్’ పరీక్ష, ప్రసవం తరువాత మూడు గంటల్లోపు ఇచ్చిన ట్రానెక్సామిక్ ఆసిడ్ రక్తస్రావ మరణాలను తగ్గిస్తుందని చూపింది. తరువాతి విశ్లేషణలో ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ దాని ప్రయోజనం సుమారు 10 శాతం చొప్పున తరిగిపోతుందని తేలింది. త్వరగా గుర్తించడం ఎంత పని చేస్తుందో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిగిన ‘ఈ-మోటివ్’ పరీక్ష 2023లో చూపింది. కొలత గీతలున్న సంచిలో రక్తాన్ని పట్టి కొలుస్తూ, గీత దాటగానే మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టినచోట తీవ్ర రక్తస్రావం, కడుపు తెరిచి ఆపరేషన్, మరణం కలిపిన లెక్క 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది.

గుర్తించడంలో మరో మెలిక ఉంది. ఆరోగ్యంగా ఉన్న బాలింత శరీరం నష్టాన్ని చాలాసేపు దాచగలదు. నాడి 110, పైరక్తపోటు 100 అనుకుందాం. విడివిడిగా చూస్తే రెండూ మరీ భయపెట్టవు. నాడిని పైరక్తపోటుతో భాగిస్తే మాత్రం 1.1 వస్తుంది. 0.9 నుంచే అప్రమత్తం కావాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం.

రక్తహీనత ఎందుకు ఇంత ముఖ్యం

ఇద్దరు స్త్రీలకూ శరీరంలో అయిదున్నర లీటర్ల రక్తం ఉందనుకుందాం. హిమోగ్లోబిన్ 12 ఉన్నామె ఒంట్లో మొత్తం 660 గ్రాముల హిమోగ్లోబిన్, 9 ఉన్నామె ఒంట్లో 495 గ్రాములు ఉంటాయి. ఇద్దరికీ ఒక్కో లీటరు పోయిందని, దాని స్థానంలో సెలైన్ ఎక్కిందని లెక్క వేస్తే మొదటామెకు 540, రెండో ఆమెకు 405 మిగులుతాయి. లీటరు రక్తం పోగొట్టుకున్న తరువాత కూడా మొదటామె దగ్గర, ఇంకా చుక్క పోకముందు రెండో ఆమె దగ్గర ఉన్నదాని కంటే ఎక్కువ ఉంది. రెండో ఆమె హిమోగ్లోబిన్ 7.4కు దిగుతుంది, అంటే రక్తం ఎక్కించాలా అని ఆలోచించే అంచుకు చేరుతుంది. ఇది సరళం చేసిన లెక్కే, అయినా దిశ సరైనది. నొప్పులు మొదలయ్యే నాటికి హిమోగ్లోబిన్ 8.5కు తక్కువగా ఉంటే ఆసుపత్రి కాన్పును, 8.5 నుంచి 10.5 మధ్య ఉంటే విడిగా అంచనా వేయడాన్ని నైస్ సూచించడం ఇందుకే. రక్తస్రావం వస్తుందో రాదో ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని తట్టుకునే నిల్వ మాత్రం నెలల ముందు నుంచే పెంచుకోగలిగినది. ఇంటి కాన్పు కోసం వాదించేవారూ వ్యతిరేకించేవారూ తడుముకోకుండా ఏకీభవించే విషయం ఇది.

మాయ పడే దశపై వాదం

బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చి, బొడ్డుతాడును అదుపుగా లాగి మాయను రప్పించడం ఒక పద్ధతి. ఏ మందూ లేకుండా, తల్లి ప్రయత్నంతోనే మాయ పడేదాకా ఆగడం మరొకటి. మొదటి పద్ధతిలో ఎక్కువ రక్తం పోయే అవకాశం తగ్గుతుందన్న ఆధారం బలమైనది, ప్రసవించే స్త్రీలందరికీ గర్భసంచిని ముడిచే మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఇంటిని కోరుకునేవారిలో చాలామంది రెండోదాన్నే ఇష్టపడతారు. తల్లీబిడ్డలను కదిలించకుండా వదిలేస్తే శరీరంలో సహజంగా పుట్టే ఆక్సిటోసిన్ ఆ పని చేస్తుందన్నది వారి వాదం. ప్రమాదం తక్కువగా ఉన్నవారి విషయంలో ఆ వాదానికి చోటుంది. ఒకసారి గర్భసంచి ముడుచుకోని చరిత్ర ఉన్నప్పుడు, స్థలం గురించి ఎంత తేడా ఉన్నా, మందు అవసరమన్న మాట దగ్గర తూకం స్పష్టంగా ఒకవైపుకు దిగుతుందని నా అభిప్రాయం. మందు ఇచ్చినా బొడ్డుతాడును వెంటనే కత్తిరించనక్కరలేదు, బిడ్డను తల్లి గుండెల మీద నుంచి తీయనక్కరలేదు. ఈ రెండింటి కోసమే మందును వద్దనుకునేవారు ఉన్నారు కాబట్టి ఇది చెప్పవలసి వస్తోంది.

ఇంటినే ఎందుకు కోరుకుంటారు

అంతటి ఆపద చూసినామె మళ్లీ ఇంటిని ఎలా కోరుకుంటుందని ఆశ్చర్యపోయేవారికి ఒక విషయం తెలియాలి. అనేకమంది ఆసుపత్రిని వద్దనుకునేది ఆ రక్తస్రావం వల్లనే. చుట్టూ పదిమంది గుమిగూడి ఎవరూ ఏమీ చెప్పకపోవడం, నొప్పికి మందు లేకుండా లోపల చేయి పెట్టడం, బిడ్డను గంటల తరబడి చూడలేకపోవడం, ఆ తరువాత నెలల పాటు వెంటాడే భయం, వీటిలో ఏదీ రక్తం కొలతలో నమోదు కాదు. తన రక్తస్రావానికి ఆసుపత్రిలో జరిగిన జోక్యాలే కారణమని నమ్మే స్త్రీ మాటలో కొన్నిసార్లు వైద్యపరంగా నిజం కూడా ఉంటుంది. ఆ మాట వినకుండా శాతాలు వల్లించేవారి సలహా ఆమెకు చేరదు. చేరకపోతే జరిగేది మరింత ప్రమాదకరం, ఎందుకంటే కొందరు ఎవరి సాయమూ లేకుండా ప్రసవించడానికి సిద్ధపడతారు.

న్యాయస్థానాలు కూడా ఈ ప్రశ్నను ఒకే తీరులో చూడలేదు. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2010లో హంగరీకి చెందిన టెర్నోవ్‌స్కీ కేసులో, ఏ పరిస్థితుల్లో ప్రసవించాలో నిర్ణయించుకోవడం వ్యక్తిగత జీవన హక్కులో భాగమంది. 2016లో చెక్ రిపబ్లిక్‌కు చెందిన దుబ్‌స్కా కేసులో, ఇంటి కాన్పుకు మిడ్‌వైఫ్ సాయాన్ని ఏర్పాటు చేయని దేశం ఆ హక్కును ఉల్లంఘించినట్టు కాదని అదే న్యాయస్థానం తీర్పిచ్చింది. స్త్రీకి ఎంచుకునే హక్కు ఉందనడం, ఆ ఎంపికకు వ్యవస్థ తోడు నిలవాలనడం వేర్వేరు సంగతులుగానే మిగిలాయి.

ఇల్లు, ఆసుపత్రి కాక

ఎంపికలు రెండే అనుకోవడం వల్ల చర్చ బిగుసుకుపోతుంది. ఆసుపత్రి ఆవరణలోనే మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు విభాగాలు కొన్నిచోట్ల ఉన్నాయి, థియేటరు అక్కడి నుంచి నిమిషాల దూరం. చేతికి సెలైన్ సూదిని ముందే అమర్చి, దాన్ని ఖాళీగా ఉంచి, మిగతా కాన్పంతా ఎవరూ ముట్టుకోకుండా జరగనివ్వడం మరో దారి. నొప్పుల్లో ఎక్కువ భాగం ఇంట్లో గడిపి, మాయ పడే దశకు ఆసుపత్రిలో ఉండాలనుకునేవారూ ఉన్నారు, కానీ రెండోకాన్పు వేగంగా జరిగిపోతే దారిలోనే ప్రసవించే ప్రమాదం అందులో ఉంది. ఇంటినే ఎంచుకున్నచోట ఇద్దరు మిడ్‌వైఫ్‌లు ఉండటం, ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచడం, రక్తాన్ని కంటితో కాక తూచి కొలవడం, ఎంత రక్తం పోతే ఎవరినీ అడగకుండా అంబులెన్సు పిలవాలో ముందే ఒప్పందానికి రావడం లెక్కను కొంత మారుస్తాయి. అవి పై ఊహా లెక్కలోని మొదటి నిమిషాలను తగ్గించగలవు, ప్రయాణపు 20 నిమిషాలను తగ్గించలేవు.

ఏ ప్రణాళికైనా గర్భం నడిచేకొద్దీ మారేదే. స్కాన్‌లో మాయ కిందికి ఉందని తేలితే, బిడ్డ మరీ పెద్దదైతే, ఉమ్మనీరు ఎక్కువైతే, ఇనుము మందులు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే, రక్తపోటు ఎక్కితే ఇంటి కాన్పు ఆలోచనను మళ్లీ మొదటి నుంచి తూచవలసి ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక కూడా అంతే. అవి అసాధారణంగా సాగుతున్నా, బిడ్డ పుట్టకముందే రక్తం కనిపించినా, ఆ రోజు రోడ్డు మూసుకుపోయినా, అంబులెన్సు దొరకదని తెలిసినా, నెలల కిందట వేసుకున్న లెక్కలోని ఒక అంకె మారిపోయినట్టే.